‘పించిని’ అనే మాట ఎందుకు నిలిచింది?

2014 నవంబరులో వృద్ధులకు నెలనెలా ఇచ్చే 200 రూపాయలను 1000కి పెంచి ప్రభుత్వం దానికి ‘ఆసరా’ అని పేరు పెట్టినా, మన వరంగల్ పల్లెల్లో ‘పించిని’ అనే మాటే ఎందుకు వినబడుతున్నదని నిన్న ఒక మిత్రులు అడిగారు. నాకు తోచింది రాస్తున్నాను.

‘ఆశ్రయం’ అనే సంస్కృత పదమే అరిగి అరిగి ‘ఆసరా’ అయింది. ‘గోడ ఆసరాతో లేచింది’, ‘కొడుకుల ఆసర లేదు’ అంటాం. ఆ మాటలో ఎప్పుడూ ఆనుకునే మనిషి ఒకరు, ఆనిక ఇచ్చేది మరొకటి ఉంటాయి. ఇంతకంటే పాతదైన ‘దానం’లో దాత మరీ పెద్దగా కనబడతాడు. రుద్రమదేవి కాలంనాటి 1261 మల్కాపురం శాసనంలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల ప్రస్తావనలున్నాయి గానీ, అవి నడిచింది దాన ధర్మంగానే.

పింఛను సంగతి వేరు. లాటిన్‌లో తూచడమనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన ఈ పదానికి తూచి ఇచ్చే చెల్లింపు అని అర్థం. కొలువు చేసి దిగిపోయినవారికి సర్కారు ఇచ్చే సొమ్ముకు పేరుగా అది మనదాకా వచ్చింది. ఇంగ్లండులో 1601 నాటి పేదల చట్టం కింద సాయం పుచ్చుకోవడమంటే పరువు పోవడమే. అందుకే 1908లో డెబ్బై ఏళ్లు నిండిన పేదలకు వారానికి గరిష్ఠంగా 5 షిల్లింగులు ఇచ్చే చట్టం చేసినప్పుడు దానిని పేదల సాయమనకుండా పింఛను అన్నారు, చెల్లింపును కూడా తపాలా కార్యాలయాలకే అప్పగించారు. మన రాజ్యాంగం 41వ అధికరణంలో వృద్ధాప్యానికి ప్రభుత్వ సహాయాన్ని పేర్కొన్నది. 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ పథకం కేంద్రం వాటాగా నెలకు 75 రూపాయలు ఇస్తూ, పేరులో పింఛను అనే మాటనే ఉంచుకున్నది.

మా ఊరి పోస్టాఫీసు అరుగు మీద, వేలిముద్ర పడక రెండోసారి వేలిని కొంగుకు తుడుచుకుంటున్న ఒక అవ్వ, ‘నా పించిని పడ్డదా బిడ్డా?’ అని అడగడం విన్నాను. ‘నా ఆసరా పడ్డదా’ అని ఎవరూ అడగగా నేను వినలేదు. కూలికి కైకిలి అడిగినట్టే ఆ ‘నా’ పలికింది. కార్డు మీది పేరును కాదనలేక కొందరు ‘ఆసరా పించిని’ అని రెండూ కలిపేస్తారు, అది వేరే ముచ్చట.

రాతలో ‘పింఛను’ అనే రాస్తాను. అవ్వ నోటి మాట రాయవలసి వస్తే మాత్రం ఒత్తు తీసేసి ‘పించిని’ అనే ఉంచుతాను.