రాజ్యాంగ వ్యాజ్యాల్లో ప్రభుత్వ జోక్యం: ఖర్చుకు లెక్క ఏది?

ప్రశ్న:
తాను కక్షిదారు కాని రాజ్యాంగ వ్యాజ్యంలో సైతం ప్రభుత్వం జోక్యం చేసుకొని, ప్రజాధనంతో న్యాయవాదులను నిలబెడుతుంది. చట్టం చెల్లదని వాదించే పౌరుడు తన వాదనకు సొంత డబ్బు పెట్టుకుంటూ, పన్నుల రూపంలో ఎదుటి వాదనకూ చెల్లించడం సమంజసమేనా?

జవాబు:
జోక్యమంటే ప్రతిసారీ పౌరుడికి వ్యతిరేకమని కాదు. ఆస్ట్రేలియాలో 1903 నాటి జ్యుడీషియరీ చట్టం 78బి సెక్షన్ ప్రకారం, రాజ్యాంగ ప్రశ్న తలెత్తినప్పుడు ఫెడరల్, రాష్ట్ర అటార్నీ జనరళ్లకు నోటీసు అంది, తగిన వ్యవధి గడిచేదాకా కోర్టు విచారణను ముందుకు సాగించకూడదు. ఎందుకంటే ఆ తీర్పు ప్రభావం ఇద్దరు కక్షిదారులతో ఆగదు. అలా జోక్యం చేసుకున్న ప్రభుత్వంపై ఖర్చులు విధించే అధికారాన్ని కూడా 78ఎ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది.

మరో జవాబు:
సూత్రం సరే, నన్ను కలవరపెట్టేది అసమానత. కెనడాలో 1978లో భాషా హక్కుల వ్యాజ్యాలు వేసేవారికి ప్రభుత్వ నిధులతో సాయంగా మొదలైన కోర్ట్ ఛాలెంజెస్ ప్రోగ్రామ్‌ను 1992లోను, పునరుద్ధరించాక మళ్లీ 2006లోను రద్దు చేశారు. 2017లో తిరిగి తెచ్చారు. ప్రభుత్వ న్యాయ విభాగానికి మాత్రం అలాంటి విరామం రాలేదు!

ప్రశ్న అడిగినవారు:
అయితే నా అభ్యంతరం జోక్యం మీద కాదు, లెక్క మీద. ప్రభుత్వ న్యాయవాదుల జీతాలు శాఖ పద్దులో కలిసిపోతే ఒక్కో కేసుకు ఎంతైందో బయటపడదు. కనీసం బయటి న్యాయవాదుల ఫీజుల మొత్తాన్నైనా కేసులవారీగా ప్రకటించడానికి న్యాయవాదికి, కక్షిదారుకు మధ్య ఉండే వృత్తి గోప్యత అడ్డు కాకూడదు.