తొలి మంచుకు గుల్మార్గ్ వెళ్లవచ్చా? స్కీయింగ్ చేసినవాళ్లు చెప్పండి

బురుజు_కర్నూలు
అందరికీ నమస్కారం. నేను, మా తమ్ముడు డిసెంబరు మూడో వారంలో కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్తున్నాం. ఇద్దరమూ ఇంతవరకు మంచును చేత్తో ముట్టుకోలేదు. మాకు తెలిసిన మంచు అంటే సంక్రాంతి ముందు తుంగభద్ర మీద తేలే పొగమంచే. నిన్న టీవీలో అక్కడ కొత్తగా మంచు కురిసిందని చూపించినప్పటి నుంచి తమ్ముడికి కాలు ఒకచోట నిలవడం లేదు, అమ్మకు కంటి మీద కునుకు లేదు. చేతిలో ఐదు రోజులు ఉన్నాయి. సీజన్ మొదట్లోనే వెళ్తే స్కీయింగ్ నేర్చుకునేంత మంచు ఉంటుందా? అమ్మకు ధైర్యం చెప్పాలి, అందుకే నిజంగా వెళ్లి వచ్చినవాళ్ల మాటలు కావాలి.

ఎర్రనేల_అనంత
తమ్ముడూ, మాది సేద్యం చేసుకునే ఇల్లు, నాకు తెలిసిన భాషలోనే చెబుతాను. జూన్‌లో మొదటి వాన పడగానే మేము వేరుశనగ విత్తనం వేయం. పైన నాలుగు వేళ్ల మేర తడిసి ఉంటుంది, కింద నేల ఎండిపోయే ఉంటుంది. పదును కుదరాలి. మంచుకూ పదును ఉంది. తొలిసారి కురిసిన మంచు గడ్డినీ రాళ్లనూ తెల్లగా కప్పుతుంది, అంతే. అది అణగాలి, దాని మీద మళ్లీ కురవాలి, మళ్లీ అణగాలి. అప్పటికి గానీ కాలికి కట్టుకునే స్కీ పలక అంచుకు పట్టు దొరికే గట్టి పొర ఏర్పడదు.

నా అనుభవం చెబుతాను. నేనూ డిసెంబరులోనే వెళ్లాను, మేము చేరడానికి రెండు రోజుల ముందు బాగా కురిసింది. నేర్చుకునేవాళ్ల కోసం తొక్కి చదును చేసిన వాలు దాటి పోవద్దని శిక్షకుడు మొదటి రోజే చెప్పాడు. మూడో రోజు మధ్యాహ్నం పక్కనే ఎవరి అడుగూ పడని మంచు మిలమిలలాడుతుంటే పది గజాలు అవతలికి వెళ్లాను. మొదట చప్పుడే లేదు, దూదిలో జారినట్టు ఉంది. అంతలో ఎడమ స్కీ కింద గర్రుమంది, బండ మీద పార గీరిన చప్పుడు. స్కీ రాతిని పట్టుకుని అక్కడే ఆగిపోయింది, నేను ముందుకు పడ్డాను. బూటును పట్టి ఉంచే బిగింపు వెంటనే విడిపోయింది కాబట్టి మోకాలు దక్కింది. స్కీ తిప్పి చూస్తే అడుగున జానెడు పొడవు గాటు, అంచు దగ్గర ఉక్కు రేకు పైకి లేచి ఉంది. తర్వాత అక్కడే కర్ర దిగేసి చూశాను. మోకాలి లోతు ఉంటుందనుకున్న మంచు జానెడే ఉంది.

వెళ్లవద్దని మాత్రం నేను చెప్పను. చదును చేసిన చోటే ఉండండి. ఆ నాలుగు రోజులు నా జీవితంలో మంచి రోజులు.

పాలకొండ_కడప
నేను గుల్మార్గ్ చూడలేదు. 2020 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని ఔలీలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్ల ఏడు రోజుల శిక్షణకు వెళ్లాను. అప్పుడు నా వయసు 41, కడపలో ఉపాధ్యాయురాలిని. అమ్మగారికి ఈ మాట చెప్పండి: పద్ధతిగా నేర్పేవాళ్ల దగ్గర నేర్చుకుంటే ఇది భయపడాల్సిన ఆట కాదు.

మొదటి రోజంతా బూట్లతోనే సరిపోయింది. స్కీ బూటు అంటే గట్టి ప్లాస్టిక్ డొల్ల, ముందు వైపు నాలుగు బకిల్స్. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకు ఆనీ ఆననట్టు ఉండాలి. మోకాళ్లు వంచి పిక్క ముందు ఎముకను బూటు నాలుకకు ఆనిస్తే మడమ వెనక్కి వెళ్లి కూర్చోవాలి, వేళ్లకు చోటు దొరకాలి. మడమ పైకి లేస్తే ఆ బూటు మీది కాదు, మార్చమని అడగండి, మొహమాటపడకండి. చలి కదా అని నేను రెండు జతల మేజోళ్లు వేసుకున్నాను. గంటలో పాదాలు మొద్దుబారాయి. బిగుతు ఎక్కువై రక్తం ఆడలేదు. పలచటి ఉన్ని జత ఒక్కటి చాలు. లోపలి ప్యాంటు మడత కూడా బూటులోకి పోనివ్వకండి, సాయంత్రానికి ఆ మడత చర్మంలోకి దిగి ఎర్రటి చార మిగులుతుంది.

రెండో రోజు నేర్పింది ఆగడం. స్కీ మొనలు దగ్గరగా, మడమలు దూరంగా పెట్టి లోపలి అంచులను మంచులోకి నొక్కాలి. దాన్ని స్నోప్లౌ అంటారు. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఒంటి వాలు. అహోబిలం మెట్లు దిగినా, పొలం గట్టు దిగినా మనం వెనక్కి వాలుతాం. స్కీల మీద వెనక్కి వాలితే ముందు మొనలు తేలిపోతాయి, ఇక అవి మన మాట వినవు. పల్లం వైపు ఒరగాలి. ఆ భయం పోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు పొద్దున ఎదురుగా నందాదేవి శిఖరం తెల్లగా నిలబడి ఉంటే, నేను ఎడమకు తిరగాలనుకుని ఎడమకే తిరిగాను. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

ఔలీ వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు అక్కడి నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వే ఆపేశారు. ఇప్పుడు వెళ్లాలంటే ముందే ఫోను చేసి, దారి ఎలాగో కనుక్కోండి.

బురుజు_కర్నూలు
అక్కా, అన్నా, మీ మాటలు అమ్మకు చదివి వినిపించాను. అమ్మ అడిగిన మొదటి ప్రశ్న మోకాళ్ల గురించే. తమ్ముడికి రెండేళ్ల కిందట కబడ్డీలో కుడి మోకాలు బెణికింది. ఇప్పుడు నొప్పేమీ లేదు.

గుంజీలు_అనంత
నేను ఫిజియోథెరపిస్టును. అతన్ని బయలుదేరే ముందే ఎముకల డాక్టరుకు చూపించండి. నొప్పి లేదు కాబట్టి మోకాలు గట్టిగా ఉన్నట్టు అనుకోవద్దు. స్కీయింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది మోకాలే. అందులోనూ కింది కాలు స్కీతో పాటు ఒక వైపు, ఒళ్లు మరో వైపు మెలి తిరిగినప్పుడు లోపలి లిగమెంట్లు తెగుతాయి. తాజా మంచు బరువుగా, తడిగా ఉంటే స్కీ అందులో ఇరుక్కుని ఈ మెలిక మరీ సులువుగా పడుతుంది.

అందుకే స్కీలు అద్దెకు తీసుకునేటప్పుడు బిగింపు గురించి నోరు తెరిచి అడగండి. మనిషి బరువు, ఎత్తు, వయసు, అనుభవం, బూటు అడుగు పొడవు చూసి అది ఎంత బలానికి విడిపోవాలో అమర్చాలి. మరీ బిగిస్తే పడినప్పుడు విడిపోదు. మీ ముందు వెళ్లినవాళ్ల కొలతకు ఉన్నదాన్ని అలాగే ఇచ్చేస్తే తీసుకోవద్దు.

మూడు వారాలు ఉన్నాయి కదా. రోజూ గుంజీలు తీయండి, నిదానంగా, మూడు విడతలుగా. గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలబడండి, తొడలు వణికేదాకా. ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోండి. బొటనవేలు సంగతి కూడా వినండి. కర్ర పట్టుకుని పడితే బొటనవేలి మొదట్లో ఉండే లిగమెంటు తెగుతుంది. పడుతున్నామని తెలిసిన వెంటనే కర్రలు వదిలేసి, పక్కకు, పిరుదు మీదికి పడండి.

కర్నూలు సముద్రమట్టానికి మూడు వందల మీటర్లు కూడా లేదు, గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్లు. చేరిన రోజు తలనొప్పి, వికారం రావచ్చు. ఆ రోజు విశ్రాంతి తీసుకోండి, దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండండి.

తుంగభద్ర_ఒడ్డు
ఎర్రనేల అన్నతో ఒక చోట విభేదిస్తాను. తొలి మంచుకు పదును ఉండదు, నిజమే. కానీ ఆగి వెళ్తే తప్పకుండా ఉంటుందన్న నమ్మకమూ లేదు. నేను 2024 జనవరి రెండో వారంలో, అసలైన సీజన్ అని లెక్కేసుకుని వెళ్లాను. చిల్లై కలాన్ అని కశ్మీరీలు పిలిచే నలభై రోజుల కఠిన చలి డిసెంబరు 21న మొదలవుతుంది, అంటే సరిగ్గా దాని నడుమ. చూస్తే గుల్మార్గ్ మైదానమంతా ఎండుగడ్డి. స్కీలు అద్దెకిచ్చే కుర్రవాళ్లు ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నారు. అనంతపురంలో ఆగస్టులో మబ్బుల కోసం చూసే రైతు ముఖం గుర్తొచ్చి గుండె బరువెక్కింది. మేము తిరిగి వచ్చాక, ఆ నెలాఖరున మంచు పడింది.

అక్కడి మంచు మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు అనే వాతావరణ వ్యవస్థల మీద ఆధారపడి ఉంటుంది. అవి వస్తే కురుస్తుంది, రాకపోతే లేదు. కాబట్టి తేదీ కన్నా, బయలుదేరే వారం ముందు వాతావరణ శాఖ ఇచ్చే సూచన చూడటం మేలు. డిసెంబరులో మంచు ఉందంటే అదే మహాభాగ్యం, వెళ్లండి.

ఎర్రనేల_అనంత
ఒప్పుకుంటున్నాను. వాన విషయంలో మనకు తెలిసినదే కదా.

హవల్దార్_ప్రొద్దుటూరు
సైన్యంలో పదిహేడేళ్లు ఉన్నాను, అందులో కొన్ని శీతాకాలాలు కశ్మీర్‌లో. ఇక్కడ ఇంకా ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది, కోపగించుకోకుండా వినండి.

గుల్మార్గ్ గొండోలాలో, అంటే అక్కడి రోప్‌వేలో, రెండు దశలు. మొదటిది కొంగ్‌డూరి వరకు, సుమారు 3,100 మీటర్లు. రెండోది అఫర్వాట్ కొండ భుజం మీదికి, దాదాపు 4,000 మీటర్ల దగ్గరికి. రెండో దశ దిగిన చోటి నుంచి కిందికి కనిపించే మంచు ఎంత అందంగా ఉన్నా అది మీది కాదు. 2024 ఫిబ్రవరిలో ఆ ఎగువ వాలుల్లో మంచు చరియ విరిగిపడి రష్యా నుంచి వచ్చిన ఒక స్కీయర్ చనిపోయాడు. అటువైపు దిగే అనుభవజ్ఞులు కూడా మంచు కింద కూరుకుపోతే సంకేతం పంపే పరికరం, పొడవాటి గుచ్చుకర్ర, పార లేకుండా, వాటిని వాడటం తెలిసిన తోడు లేకుండా వెళ్లరు.

బాగా కురిసిన తర్వాత మొదటి ఒకటి రెండు రోజులే అన్నిటికన్నా ప్రమాదం. కొత్త పొర పాత పొరకు ఇంకా అతుక్కుని ఉండదు. గాలి వీస్తే ఒక వైపు మంచును ఎత్తి మరో వైపు పలకలా పేరుస్తుంది. ముప్పై నుంచి నలభై ఐదు డిగ్రీల వాలులో ఆ పలక మీద ఒక్క మనిషి బరువు పడితే చాలు, మొత్తం ఊడి వస్తుంది. సీజన్ మొదట్లో ఇంకో చిక్కు ఉంది. పలచటి మంచు మీద చాలా రోజులు ఆకాశం తేటగా ఉండి చలి పెరిగితే, ఆ మంచు అడుగున పంచదార పలుకుల్లా మారిపోతుంది. దాని మీద కురిసిన కొత్త మంచుకు పునాది ఉండదు. డీఆర్‌డీవోకు చెందిన డీజీఆర్‌ఈ అనే సంస్థ మంచు చరియల హెచ్చరికలు ఇస్తుంది. గుల్మార్గ్ చేరాక రోజూ పొద్దున వాటిని కనుక్కోండి. పై దశ మూసేశారంటే కారణం ఉండే మూసేస్తారు, అక్కడి సిబ్బందితో వాదించకండి.

నేర్చుకునేవాళ్లకు కింద మైదానం పక్కనున్న వాలులే చాలు. అమ్మగారికి ఈ మాట నా మాటగా చెప్పండి.

పల్లీపొడి_గుత్తి
ప్రయాణం సంగతి నేను చెబుతాను. ఢిల్లీ వరకు రైలంటే కర్నూలు వాళ్లకు తిరుపతి నుంచి వచ్చే ఆంధ్రప్రదేశ్ సంపర్క్ క్రాంతి ఉంది, అనంతపురం, ఆదోని వైపు వాళ్లకు కర్ణాటక ఎక్స్‌ప్రెస్. 2025 జూన్ నుంచి కత్రా నుంచి శ్రీనగర్‌కు వందే భారత్ కూడా నడుస్తోంది. మంచు పడితే విమానాలు రద్దవుతాయి, కాబట్టి తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. ఆ ఖాళీ లేక నేను ఢిల్లీ రైలు తప్పిపోయాను. తంగ్‌మర్గ్ నుంచి గుల్మార్గ్‌కు చివరి పదమూడు కిలోమీటర్లు ఘాట్ రోడ్డు. మంచు ఉంటే టైర్లకు గొలుసులు కట్టిన బండే ఎక్కండి. ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు, ఇద్దరిలో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

ఎండ గురించి కూడా చెప్పాలి. మే ఎండలు ఓర్చినవాళ్లం, డిసెంబరు ఎండ ఏం చేస్తుందనుకున్నాను. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో ఎనభై శాతం దాకా తిరిగి మన మీదికే విసురుతుంది. రెండో రోజుకు గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున చర్మం ఊడింది. నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్, పెదవులకు పూత మరవకండి. జొన్న రొట్టెలు అక్కడి చలికి గట్టిపడతాయి. నువ్వుల ఉండలు, పల్లీ చిక్కీ జేబులో పెట్టుకుంటే వాలు మీద బాగా అక్కరకొస్తాయి.

బురుజు_కర్నూలు
నిన్ననే తిరిగి వచ్చాం. అందరికీ చెప్పాల్సిన బాకీ ఉంది.

తమ్ముడిని డాక్టరుకు చూపించాం, పట్టీ కట్టుకుని నిదానంగా చేయమన్నారు. మొదటి రోజు విశ్రాంతి, రెండో రోజు ఏకధాటిగా మంచు. ఆ రోజు కిటికీ దగ్గరే కూర్చున్నాం. అంత మంచు పడుతున్నా చప్పుడు లేదు, వాన అయితే రేకుల మీద ఎంత మోత! మూడో రోజు నుంచి మూడు రోజులు కింది వాలులోనే నేర్చుకున్నాం. పాలకొండ అక్క చెప్పినట్టు బూట్లు రెండుసార్లు మార్పించుకున్నాను, మూడో జతలో మడమ కదలలేదు. మొదట ఇచ్చిన బిగింపు తమ్ముడి బరువుకు మించి ఉందని తేలింది. అడగకపోతే అలాగే ఇచ్చేసేవారు.

నాలుగో రోజు కొత్త మంచు అంచున కర్ర గుచ్చి చూశాను. మెత్తగా దిగి, ఠక్కున రాతికి తగిలింది. అన్నా, మీ పదును మాట అప్పుడు అర్థమైంది. అవతలికి వెళ్లలేదు. చివరి రోజు ఇద్దరం పడకుండా వాలు పైనుంచి కింది దాకా స్నోప్లౌతో దిగాం. తమ్ముడు కింద ఆగి స్కీలు విప్పకుండానే అమ్మకు వీడియో కాల్ చేశాడు. అమ్మ వాడి ముఖం కూడా చూడలేదు, మోకాలు చూపించమంది.

నల్లమల_నంద్యాల
ఫిబ్రవరిలో వెళ్లాలనుకుంటున్నాం. చేతి తొడుగులు అక్కడ అద్దెకు దొరుకుతాయా?

బురుజు_కర్నూలు
దొరుకుతాయి, కానీ సొంతవి తీసుకెళ్లండి, రెండు జతలు. ఒక జత తడిసిందంటే రాత్రి హీటరు దగ్గర పెట్టినా పొద్దుటికి పూర్తిగా ఆరదు.