మంగళవారం రాత్రి దూరపు మ్యాచ్‌కి వెళ్తే రెట్టింపు పాయింట్లా?

డెవన్‌లో మనోడు:
ఎక్సెటర్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్‌ని ఫాలో అయ్యే తెలుగువాళ్ళం ఇక్కడ కొద్దిమందిమైనా ఉన్నాం కదా, మీ అభిప్రాయాలు చెప్పండి. ఇంగ్లండ్‌లో చాలా క్లబ్బులు ‘అవే’ మ్యాచ్ (అంటే అవతలి జట్టు ఊళ్ళో జరిగేది) టికెట్ కొన్నప్పుడు లాయల్టీ పాయింట్లు ఇస్తాయి. రేపు చిన్నా పెద్దా క్లబ్బులన్నీ ఆడే నాకౌట్ పోటీ ఎఫ్‌ఏ కప్‌లో ఏ పెద్ద జట్టో తగిలి టికెట్లకు ఎగబడితే, పాయింట్లు ఎక్కువున్నవాళ్ళది ముందు వరస. నా వాదన ఏంటంటే, వారం మధ్యలో పడి, 200 మైళ్ళు దాటిన మ్యాచ్‌కి రెట్టింపు పాయింట్లు ఇవ్వాలి. శనివారం హాయిగా బ్రిస్టల్ వెళ్ళొచ్చినవాడూ, మంగళవారం బార్న్స్‌లీ వెళ్ళినవాడూ ఒకటెలా అవుతారు?

బార్న్స్‌లీ ఇక్కడి నుంచి దాదాపు 260 మైళ్ళు. 7:45కి కిక్ ఆఫ్. ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టి ఒంటిగంటకు బయలుదేరాం. బర్మింగ్‌హామ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, మొదటి గోల్ పడ్డాక లోపలికి అడుగుపెట్టాం. గేటు దగ్గర స్టీవార్డు వాటర్ బాటిల్ మూత పీక్కుని, బాటిల్ మాత్రం చేతిలో పెట్టాడు. పులిహోర డబ్బా తెరిపించి వాసన చూసి, ఇదేం అన్నం అని అడిగి మరీ వదిలాడు. ఓడిపోయాం. రైలుకి రావచ్చుగా అనేవాళ్ళకు చెప్తున్నా, మ్యాచ్ అయ్యే వేళకి ఎక్సెటర్ చేర్చే రైలే ఉండదు. తిరుగు దారిలో రిపేర్ల కోసం మోటార్‌వే మూసేశారు. దారి మళ్ళింపు చూపే పసుపు బోర్డు మీది నల్ల త్రికోణం గుర్తు పట్టుకుని పల్లెల్లో తిరిగి తిరిగి ఇల్లు చేరేసరికి తెల్లవారుజామైంది. తొమ్మిదింటికి మళ్ళీ ఆఫీసు కాల్. పెట్రోల్‌కే 80 పౌండ్ల దాకా అయింది, నలుగురం పంచుకున్నాం కాబట్టి సరిపోయింది. దీనికీ ఒకే పాయింటా?

రాత్రిడ్యూటీ:
మీ కష్టం కాదనను అన్నయ్యా. కానీ మీరు లెక్కేస్తున్నది అభిమానాన్ని కాదు, సెలవు దొరకడాన్ని, కారు ఉండడాన్ని. నేను నర్సుని. రోస్టర్ చాలా ముందే వచ్చేస్తుంది. ఆ తర్వాత శనివారం మ్యాచ్ వాన వల్లో మంచు వల్లో రద్దయి మంగళవారానికి మారిందనుకోండి, నేనెవరి కాళ్ళు పట్టుకోవాలి? హోమ్ సీజన్ టికెట్ నాకూ ఉంది. పైగా పిల్లలున్నవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. మీరేమో నన్ను లైన్‌లో ఇంకా వెనక్కి నెడతానంటున్నారు.

బిగ్‌బ్యాంక్ పెద్దాయన:
ఇద్దరూ చిన్నవాళ్ళు, ఆవేశపడకండి. ఈ క్లబ్ 2003లో దివాలా అంచున ఉంటే అభిమానుల ట్రస్టు చేతిలోకి తీసుకుంది. అప్పుడు మనం ఫుట్‌బాల్ లీగ్‌లో కూడా లేం, దాని కింద ఉండే కాన్ఫరెన్స్ అనే లీగ్‌లోకి జారిపడ్డాం. 2005 జనవరిలో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ని 0-0తో నిలబెట్టి, రీప్లేని (డ్రా అయితే మళ్ళీ ఆడే మ్యాచ్) మన మైదానం సెయింట్ జేమ్స్ పార్క్‌కి తెచ్చుకున్నాం. రీప్లే 2-0తో ఓడినా ఆ రెండు మ్యాచ్‌ల డబ్బే అప్పుల్లోంచి గట్టెక్కించింది. అలాంటి మ్యాచ్ మళ్ళీ వస్తే, ఎవరూ రాని రాత్రుల్లో వచ్చినవాళ్ళకే ముందు టికెట్ దక్కాలనడంలో న్యాయం ఉంది. అంతవరకు మనోడితో ఏకీభవిస్తాను.

రెట్టింపు మాత్రం వద్దు. అసలు రోగం మంగళవారం. మన లీగ్‌లో 24 జట్లు, ఒక్కో జట్టుకి 46 లీగ్ మ్యాచ్‌లు, పైన మూడు కప్ పోటీలు. శనివారాలు ఎక్కడ సరిపోతాయి? 2024-25 నుంచి ఎఫ్‌ఏ కప్ మొదటి రౌండ్ మొదలుకుని రీప్లేలు తీసేశారు కాబట్టి కాస్త నయం (2005 నాటి మాకు అది నయమో శాపమో వేరే చర్చ). వారం మధ్య మ్యాచ్‌లు తప్పవంటే సరే, కానీ దగ్గర ఊళ్ళవి ఆ రోజుల్లో పెట్టి, దూరపువి శనివారాలకి ఉంచమని లీగ్‌ని అడగాలి. పాయింట్లు పెంచితే లీగ్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు.

లెక్కలు తేల్చుదాం:
లీగ్ మాట వచ్చింది కాబట్టి. 2024-25లో మొదలైన లీగ్ టీవీ ఒప్పందం ఐదేళ్ళకు 93.5 కోట్ల పౌండ్లు, సీజన్‌కి 1,059 మ్యాచ్‌లు. వారం మధ్య రౌండ్లన్నీ స్కై టీవీలో వస్తాయి. శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా మాత్రం బ్రిటన్‌లో టీవీలో ఫుట్‌బాల్ లైవ్ నిషేధం. అంటే శనివారం మూడింటికి మొదలయ్యే మ్యాచ్ చూడాలంటే స్టేడియానికి వెళ్ళక తప్పదు, మంగళవారం మ్యాచ్‌ని సోఫాలో కూర్చుని చూడొచ్చు. చూడొచ్చని తెలిసీ 260 మైళ్ళు వెళ్ళడం మీ సరదా అండీ. సరదాకి బహుమానం ఎందుకు?

ఇంకో చిక్కు. పాయింట్ల కోసం టికెట్ కొని ఇంట్లోనే కూర్చునేవాళ్ళు ఉంటారు. రెట్టింపు చేస్తే వాళ్ళకి పండగ.

డెవన్‌లో మనోడు:
సరదానా? మ్యాచ్ అయ్యాక ఆటగాళ్ళు మా వైపు వచ్చారు. మేం వందా నూటయాభై మందిమి ఉంటాం, అంతే. గోల్ కీపర్ ఒక్కొక్కళ్ళ ముఖం చూసి చప్పట్లు కొట్టాడు. వాళ్ళ జట్టు పాటల మధ్య ఈ కొద్ది గొంతులూ లేకపోతే ఆ కుర్రాళ్ళకి ఎలా ఉంటుందో ఆలోచించండి. టీవీలో మీరు విన్న ఆ అరుపులు కూడా మావే.

దొంగ పాయింట్ల సంగతి ఒప్పుకుంటా. టికెట్ కొంటే కాదు, గేటు దగ్గర స్కాన్ అయితేనే పాయింట్ పడాలి. కానీ రెట్టింపు మీద తగ్గను.

సనత్‌నగర్ సెంటర్ ఫార్వర్డ్:
హైదరాబాద్ నుంచి ఒక మాట. మా హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఏకంగా ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చేసుకుంది. ఇప్పుడు మాకు హోమ్ మ్యాచ్ కూడా అవే మ్యాచే! ఐ-లీగ్‌లో ఆడిన మా ఇంకో జట్టు శ్రీనిధి డెక్కన్‌ని పట్టుకుందామంటే, అవే అంటే శ్రీనగర్, ఐజ్వాల్. మోటార్‌వే మూసేశారని ఏడుస్తున్నారా మీరు? కనీసం రోడ్డు మీద వెళ్ళొచ్చే దూరంలో ఉన్నారు, కొట్టుకోండి కొట్టుకోండి.

రాత్రిడ్యూటీ:
హహ, తమ్ముడూ నీ బాధ పగవాడికి కూడా వద్దు.

మనోడన్నయ్యా, గోల్ కీపర్ చప్పట్లు చదివి నాకూ గొంతు పట్టేసింది, అయినా నా మాట నాదే. ఆ రాత్రి వార్డులో ఫోన్‌లో స్కోరు చూసుకుంటూ రెండో గోల్‌కి నేను తిట్టుకున్నదానికి పాయింట్ ఎవరిస్తారు? నా ప్రతిపాదన: పెద్ద మ్యాచ్ టికెట్లలో సగం పాయింట్లవాళ్ళకి, సగం సీజన్ టికెట్ ఉన్నవాళ్ళలో లాటరీ తీసి ఇవ్వండి. ఇంకా డబ్బుంటే దూరపు మంగళవారాలకి బస్సు ఛార్జీ తగ్గించండి, కారు లేని స్టూడెంట్లు కూడా వస్తారు.

లెక్కలు తేల్చుదాం:
బస్సు ఛార్జీకి నేను ఓకే. లీగ్‌కి టీవీ డబ్బు వచ్చేదే ఈ మంగళవారాల వల్ల, అందులోంచి ఇమ్మనాలి. సగం లాటరీ అంటే మాత్రం పాత అవే బ్యాచ్ ఊరుకోరు, చూడండి.

బిగ్‌బ్యాంక్ పెద్దాయన:
ఊరుకోరు, నేనే ఊరుకోను. పావు వంతు లాటరీ అయితే ఆలోచిస్తా. మనది అభిమానుల క్లబ్ కాబట్టి ఇక్కడ కొట్టుకునే బదులు ట్రస్టులో అడగొచ్చు. స్కాన్ అయితేనే పాయింటు, బస్సు రాయితీ, ఈ రెండూ రాసి ఇద్దాం. రెట్టింపు, లాటరీ ఓటుకి పెడదాం. మనోడు రాస్తాడా?

డెవన్‌లో మనోడు:
రాస్తా బాబాయ్. రెట్టింపునే మొదట రాస్తా.

రాత్రిడ్యూటీ:
రాయండి. ఓటింగ్ మాత్రం మంగళవారం పెట్టకండి, నాకు డ్యూటీ.