అమెరికా జాజ్‌లో ముస్లిం పేర్లు: గంటన్నరలో ఎలా చెప్పాలి?

వరండా_రికార్డులు
బంజారాహిల్స్‌లో పాటలు వినే చిన్న బృందం మాది. డిసెంబరులో ఒక శుక్రవారం, అమెరికా నగరాల్లో ఇస్లాం స్వీకరించిన జాజ్ కళాకారుల మీద గంటన్నర కార్యక్రమం. నల్లజాతి ముస్లిం నాయకుడు మాల్కం ఎక్స్‌తో మొదలుపెట్టి రికార్డులు వినిపిద్దామనుకుంటున్నాను. సరేనా? "సంగీతం హరామ్ (మతంలో నిషిద్ధం) కదా" అని ఎవరైనా అంటే? మతం మారాక కుటుంబాలతో వచ్చే చిక్కుల సంగతి ఎంతవరకు ఎత్తాలి?

చార్‌కమాన్
ఆయనతో మొదలుపెడితే కథ అడ్డం తిరుగుతుంది. మాల్కం ఎక్స్ మొదట ఉన్న నల్లజాతి ముస్లిం సంస్థ నేషన్ ఆఫ్ ఇస్లాం 1930లో డెట్రాయిట్‌లో పుట్టింది, మామూలు ఇస్లాం కంటే దాని నమ్మకాలు వేరు. 1940ల్లో జాజ్ వాళ్లలో చాలామందిని ఆకర్షించింది, మన పంజాబ్‌లో పుట్టిన అహ్మదియా శాఖ మిషన్. దాని ప్రచారకుడు ముఫ్తీ మహమ్మద్ సాదిఖ్ 1920లోనే ఫిలడెల్ఫియాలో ఓడ దిగాడు. రెంటినీ ఒకే స్లైడ్‌లో కలపొద్దు. అహ్మదియాలను ముస్లింలుగా ఒప్పుకోనివాళ్లు చాలామంది, ఆ పేరెత్తితే మన దగ్గర వాదన లేస్తుంది. తేదీ చెప్పి ముందుకు పోండి.

రికార్డులు ఏ పేరుతో వెతకాలన్నది మనిషిని బట్టి మారుతుంది. పిట్స్‌బర్గ్ పియానిస్టు ఫ్రెడరిక్ రస్సెల్ జోన్స్ పూర్తిగా అహ్మద్ జమాల్ అయిపోయాడు. డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ అబ్దుల్లా ఇబ్న్ బుహైనా అయ్యాక కూడా రికార్డు అట్టల మీద పాత పేరే. తోటివాళ్లు మాత్రం "బూ" అనేవాళ్లు. పియానిస్టు మెకాయ్ టైనర్ కూడా అంతే, సులేమాన్ సౌద్ అన్న ముస్లిం పేరు తీసుకున్నా రికార్డులు ఎక్కువగా పాత పేరుతోనే.

దఫ్_డోలక్
హరామ్ సంగతి: ఉలమా (మత పండితులు)లోనే ఏకాభిప్రాయం లేదు. గొంతు, దఫ్ (చేతి డప్పు) వరకు ఒప్పుకునేవాళ్లు చాలామంది, పేచీ అంతా తీగల దగ్గర, ఊదేవాటి దగ్గర. దర్గాల్లో హార్మోనియం, డోలక్‌తో ఖవ్వాలీ వినే ఊరికి ఇదేం కొత్త కాదులెండి. 2000లో వాషింగ్టన్ ప్రాంతంలో మొదలైన నేటివ్ దీన్ బృందం గొంతు, తాళవాద్యాలతో సరిపెట్టుకుంది. సాక్సాఫోన్ వాయించే యూసుఫ్ లతీఫ్ దారి వేరు. వాయిద్యం వదల్లేదు, తర్వాతి రోజుల్లో మద్యం పోసే క్లబ్బులు వదిలేశాడు. 'జాజ్' అన్న మాటే ఆయనకు పడేది కాదు, పోస్టర్ మీద ఆయన పేరు పక్కన వేయకండి. ఆయన షెహనాయి ఊదిన ముక్కతో మొదలుపెట్టండి. పెళ్లి సన్నాయి విన్న చెవులు వెంటనే నిక్కబొడుచుకుంటాయి. ఆరు నిమిషాల ముక్కలు ఎనిమిది దాటితే మాటలకు చోటుండదు. మగ్రిబ్ (సాయంత్రం నమాజు వేళ) ఆరులోపే వస్తుంది కాబట్టి 6:30కి మొదలైతే నమాజు వాళ్లూ అందుకుంటారు.

వీలునామా_వకీలు
మతం మారినవాళ్ల గురించి "ఇల్లు వదిలేసి వెళ్లారు" అని ఒక్క ముక్కలో తేల్చకండి. చాలామంది నల్లజాతివారికి ఇంటిపేరు బానిసల యజమాని నుంచి వచ్చింది. దాన్ని మార్చుకోవడం తండ్రిని కాదనడం కాదు.

అసలు చిక్కు చావు దగ్గర. చర్చికి వెళ్లే తల్లిదండ్రులు శవాన్ని రసాయనాలతో నిలవుంచి, పెట్టె తెరిచి చూపాలంటారు. ఇస్లాంలో గుస్ల్ (శవానికి స్నానం), కఫన్ (చుట్టే తెల్లగుడ్డ), వీలైనంత త్వరగా ఖననం. రాసిపెట్టకపోతే అమెరికాలో సాధారణంగా దగ్గరి బంధువు మాటే చెల్లుతుంది. వీలునామా తరచు ఖననం అయ్యాకే తెరుస్తారు గనుక, అంత్యక్రియల అధికారం ఎవరిదో వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఆస్తి సంగతీ ఉంది: సంప్రదాయ ఫిఖ్ (ఇస్లాం ధర్మశాస్త్రం)లో ముస్లింకి, ముస్లిమేతరుకి మధ్య వారసత్వం లేదు. వసియ్యత్‌గా (వీలునామాలో రాసి) ఆస్తిలో మూడో వంతు దాకా ఇవ్వొచ్చు, క్రైస్తవురాలైన తల్లికి దక్కేది ఆ దారినే.

వరండా_రికార్డులు
పోస్టర్‌లో 'జాజ్' కొట్టేశాను. మాల్కం ఎక్స్ స్లైడ్ చివరికి జరిపాను. షెహనాయి ముక్క వెతుకుతున్నాను.