డయాడెమా అనే పేరున్నది డయాడెమా ప్రజాతిలో లేదేంటి?

అలలపిల్ల:
పోయిన నెల అండమాన్ వెళ్ళాం, నీల్ ఐలాండ్‌లో స్నార్కెలింగ్ చేస్తుంటే పగడాల సందుల్లో పొడుగాటి ముళ్ళున్న నల్ల సీ అర్చిన్‌లు గుంపులుగా కనిపించాయి. ఫోటోలు చూపిస్తే గైడ్ ఒకదాన్ని డయాడెమా సెటోసమ్ అన్నాడు, ఇంకోదాన్ని ఎకైనోథ్రిక్స్ డయాడెమా అన్నాడు. ఒకచోట డయాడెమా అనేది ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు, ఒకచోట జాతి పేరు, కుటుంబమేమో డయాడెమాటిడే, తల తిరిగిపోయింది. రెండూ ఒకే కుటుంబమా? ఫోటోలో ఎలా గుర్తుపట్టాలి?

జువాలజీ_మాస్టారు:
ఒకే కుటుంబమేనమ్మా. జీవులకి రెండు మాటల శాస్త్రీయ పేర్లు పెట్టిన లిన్నేయస్ 1758లో దీనికి ఎకైనస్ డయాడెమా అని పేరు పెట్టాడు, అప్పట్లో సీ అర్చిన్‌లన్నిటినీ ఎకైనస్‌లోనే వేసేవాడు. 1825లో గ్రే అనే జంతుశాస్త్రవేత్త డయాడెమా అనే ప్రజాతి చేశాడు, 1853లో పీటర్స్ అనే ఇంకో శాస్త్రవేత్త ఎకైనోథ్రిక్స్ ప్రజాతి చేశాడు, లిన్నేయస్ చెప్పిన జీవి చివరికి ఈ రెండోదాంట్లోకి చేరింది. ప్రజాతి మారినా మొదట పెట్టిన జాతి పేరు పోదు కాబట్టి అలా మిగిలిపోయింది. కుటుంబం పేరు కూడా గ్రే పెట్టిందే, 1855లో. ఆస్ట్రోపైగా, సెంట్రోస్టెఫానస్ అనే ప్రజాతులు కూడా ఈ కుటుంబంలోవే.
ముళ్ళు జూమ్ చేసి చూడు. డయాడెమాకి అన్నీ సన్నగా ఒకే రకంగా ఉంటాయి, ఎకైనోథ్రిక్స్‌కి లావువాటి మధ్యలో సూదుల్లాంటివి వేరే ఉంటాయి, బాగా మంట పెట్టేవి అవే. తెల్లచారలు చూసి మాత్రం ఫిక్సవ్వకు, చిన్న వయసు డయాడెమాలకీ చారలుంటాయి.

డైవర్_వైజాగ్:
సెటోసమ్ అయితే పైన మధ్యలో బుడగలాగా ఉంటుంది చూడండి, అది మలద్వారం, దాని చుట్టూ నారింజ రింగు, ఒంటిమీద ఐదు తెల్లచుక్కలు. రింగు లేకుండా నీలం గీతలుంటే డయాడెమాలోనే సావిన్యీ అనే ఇంకో జాతి అయ్యుండొచ్చు. ఈ రెండిటికీ సంకరాలు కూడా పుడతాయి, అందుకే ఒక్కోసారి తేల్చుకోలేం.

పగడాల_పిచ్చి:
ఈ వర్గీకరణ ఉత్త పేర్ల గొడవ అనుకోకండి. 1983-84లో కరీబియన్‌లో డయాడెమా యాంటిల్లారమ్ 90 శాతం పైగా చచ్చిపోయింది, దాంతో నాచు మేసేవి లేక పగడాల మీద నాచు కమ్మేసింది. 2022లో అక్కడే మళ్ళీ అలా గుంపులుగా చచ్చిపోయాయి, ఈసారి కారణం సిలియేట్ అనే ఏకకణజీవి అని తేలింది. తర్వాత ఎర్రసముద్రంలో సెటోసమ్‌తోపాటు ఎకైనోథ్రిక్స్ కూడా పోయాయి, పక్కనే ఉన్న ఎకైనోమెట్రా వేరే కుటుంబం, దానికేం కాలేదు. జబ్బు కుటుంబాన్ని చూసి పట్టుకుంటోంది అన్నట్టుంది, నాకైతే గుండె తరుక్కుపోయింది.

అలలపిల్ల:
ఇప్పుడే జూమ్ చేశా, మొదటిదాంట్లో నారింజ రింగు స్పష్టంగా ఉంది, రెండోదాంట్లో లావు ముళ్ళ మధ్య సన్నవి కనిపిస్తున్నాయి. గైడ్ చెప్పింది కరెక్టే. థాంక్యూ మాస్టారూ, ఈసారి వెళ్తే చచ్చినవేమైనా కనిపిస్తాయేమో అని కూడా చూస్తా.