కింద షాపు, పైన ఇల్లు: ల్యాన్ కేబుల్ లాగించాలా, మెష్ వైఫై చాలా?

ఇటుకపొడి:
కింద మెడికల్ షాపు, పైన ఇల్లు, ఒక్కో అంతస్తు 1,200 చదరపు అడుగులు. మెట్లు బయటినుంచే. స్లాబ్ పడింది, వచ్చే వారం ఎలక్ట్రీషియన్ గోడలకు గాడులు కొడతాడు. ఫైబర్ ప్లాన్ 200 ఎంబీపీఎస్. షాపులో రెండు బిల్లింగ్ కంప్యూటర్లు, బయట నాలుగు కెమెరాలు. ఇప్పుడు ల్యాన్ కేబుల్ లాగించడం దండగ, మెష్ డబ్బాలు (ఒకదానికొకటి గాలిలోనే సిగ్నల్ అందించుకునే వైఫై డబ్బాలు) రెండు పెడితే చాలంటున్నారు. నిజమేనా?

గాలివాటం:
నిజమే. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కి గోడలన్నీ చెక్కించడమెందుకండీ? ఒక పాయింటుకి కేబుల్, పైపు, బాక్సు, కూలీ అన్నీ కలిపి లెక్కేయండి. మెష్‌లో వేగం సగానికి పడుతుందంటారు గానీ, ట్రైబ్యాండ్ (మూడు రేడియోలున్న) మెష్ తీసుకుంటే డబ్బాలు తమలో తాము మాట్లాడుకోవడానికి ఒక రేడియో విడిగా ఉంటుంది, వేగం సగానికి పడదు. ఆ సగం లెక్క రెండు రేడియోలే ఉన్న డ్యూయల్ బ్యాండ్ మెష్‌కి వర్తిస్తుంది.

రాగితీగ:
గాలివాటం గారూ, ట్రైబ్యాండ్ మాట సరే, ఈ ఇంటికి కుదరదు. మెట్లు లోపలుంటే ఆ ఖాళీ గుండా సిగ్నల్ పైకెక్కుతుంది. ఇక్కడ మధ్యలో ఉన్నది నిండు ఆర్‌సీసీ స్లాబ్. వైఫైలో వేగమైన 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దాన్ని దాటేసరికి నీరసిస్తుంది. అప్పుడు మెష్ డబ్బా 2.4 గిగాహెర్ట్జ్‌కి దిగుతుంది, అందులో ఒకదానిమీదొకటి పడని ఛానళ్లు 1, 6, 11 మూడే. చుట్టుపక్కల ఇళ్లవాళ్లందరూ వాటిమీదే ఉంటారు.

కెమెరాల సంగతీ చూడండి. ఒక్కోటి 4 ఎంబీపీఎస్ అనుకున్నా నాలుగూ కలిపి 16, రాత్రీ పగలూ ఆగకుండా. ఇది ఇంటర్నెట్ ప్లాన్‌లోంచి పోదు, మీ ఇంట్లో గాలిలోంచి పోతుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రెండో కంప్యూటర్ డేటాబేస్‌ని తెరిచి ఉంచుతుంది కదా, వైఫై ఒక్క క్షణం తెగినా బిల్లు మధ్యలో ఎర్రర్ వస్తుంది. స్పీడ్ టెస్ట్‌లో అది కనిపించదు.

గాలివాటం:
షాపుకీ కెమెరాలకీ కేబుల్ వేయండి, కాదనను. బెడ్‌రూములకు మాత్రం అనవసరం. ఫోన్లకు ల్యాన్ పోర్టే ఉండదు.

రాగితీగ:
ఫోన్ల కోసమే బెడ్‌రూముల మధ్య సీలింగ్‌కి ఒక పాయింటు కావాలి. అక్కడ యాక్సెస్ పాయింట్, అంటే తీగతో డేటా అందుకునే వైఫై డబ్బా, వస్తుంది. వైఫైకి వ్యతిరేకం కాదండీ నేను. వైఫై డబ్బాకి వెనకనుంచి డేటా తీగమీద రావాలంటాను.

ప్లంబుబాబు:
మీరిద్దరూ కేబుల్ గురించి కొట్టుకుంటున్నారు, వచ్చే వారం కావాల్సింది పైపు. కేబుల్ పదేళ్లకు మారొచ్చు, గాడి మళ్లీ కొట్టరు. 25 ఎంఎం పైపులో క్యాట్ 6 (ల్యాన్ కేబుల్ రకం) నాలుగు మించి తోయొద్దు. ఎల్బో వాడొద్దు, లాంగ్ బెండే వాడాలి, బాక్సుకీ బాక్సుకీ మధ్య రెండు మలుపులు మించొద్దు. కరెంటు వైర్లున్న పైపులో ఇది దూర్చనివ్వకండి, పైపు మిగులుతుందని మనవాళ్లు మొదట చేసే పని అదే. కరెంటు లైను దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే మీటర్లకొద్దీ నడిపించొద్దు. పాయింట్లన్నీ ఒక్కచోటికే విడివిడిగా రావాలి. స్విచ్‌బోర్డుల్లా ఒకదాన్నుంచి ఇంకోదానికి గొలుసుకట్టు కుదరదు.

ఇటుకపొడి:
షాపువాడు ఒక కేబుల్ బాక్సు చవగ్గా ఇస్తానంటున్నాడు. దానిమీదా క్యాట్ 6 అనే ఉంది.

రాగితీగ:
కొసన తీగని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది సీసీఏ, అంటే అల్యూమినియం తీగకు రాగి పూత. నిరోధం రాగికంటే సగం పైన ఎక్కువ, రెండు మూడుసార్లు వంచితే విరుగుతుంది. క్యాట్ 6 ప్రమాణం ప్రకారం తీగ నిఖార్సైన రాగి అయ్యుండాలి, అట్టపెట్టెమీద ఏం రాసినా సరే. కెమెరాలకు కరెంటు కూడా ఇదే తీగలో పోతుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ వోల్టేజ్ పడిపోయి, రాత్రి కెమెరా ఐఆర్ (పరారుణ) లైట్లు వెలిగే వేళకి కెమెరా రీస్టార్ట్ అవుతుంటుంది. తప్పు కెమెరాదనుకుని దాన్నే మారుస్తారు.

గాలివాటం:
సీసీఏ విషయంలో నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. ఆ తీగ వేసేకంటే మెష్ నయం.

అయితే ఒకటి. ఎలక్ట్రీషియన్లలో చాలామందికి పంచింగ్ (తీగ కొసల్ని సాకెట్‌లో బిగించడం) చేతకాదు. అతుకు దగ్గర తీగ జతల మెలిక 13 ఎంఎం కంటే ఎక్కువ విప్పకూడదు, వీళ్లు రెండంగుళాలు విప్పేస్తారు. దానికేమంటారు?

ప్లంబుబాబు:
లాగడం అతనిచేత, పంచింగ్ కెమెరాలు బిగించేవాళ్లచేత. రెండు కొసలా బీ పద్ధతే (టీ568బీ రంగుల వరస): తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. డబ్బు చేతికిచ్చేముందు ప్రతి పాయింటుకీ ల్యాప్‌టాప్ తగిలించి లింక్ స్పీడ్ చూడండి. 1 జీబీపీఎస్ రావాల్సిన చోట 100 ఎంబీపీఎస్ చూపిస్తే, 4, 5, 7, 8 తీగల్లో ఏదో పట్టలేదన్నమాట. 100కి 1, 2, 3, 6 చాలు కాబట్టి ఇంటర్నెట్ మామూలుగా వచ్చేస్తుంది, లోపం ఏళ్లతరబడి బయటపడదు.

రాగితీగ:
షాపు, ఇల్లు ఒకే నెట్‌వర్క్‌లో ఉంచొద్దు. వీల్యాన్ (ఒకే తీగలమీద విడివిడి నెట్‌వర్క్‌లు) ఉన్న రౌటర్, దాన్ని సెట్ చేసుకోగల మేనేజ్డ్ స్విచ్ తీసుకుని షాపు విడిగా పెట్టండి. రౌటర్ మీది అయినప్పుడు కంపెనీవాళ్ల డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి డేటాని దాటించడమే) పెట్టమనండి, రెండుసార్లు న్యాట్ (అడ్రస్ మార్పిడి) జరగదు.

ఇటుకపొడి:
సరే, కేబులే. షాపుకి 3, హాలుకి 1, బెడ్‌రూములకు 2, సీలింగ్‌కి 2, కెమెరాలు 4. మొత్తం 12. ఒక బాక్సు చాలుతుందా?

ప్లంబుబాబు:
సగటున 18 మీటర్లు వేసుకుంటే 216. బాక్సులో 305 ఉంటుంది, సరిపోతుంది. రెండు కొసలా చెరో మీటరు వదలండి. పీవోఈ (ల్యాన్ తీగలోనే కరెంటు) కావాల్సినవి ఆరు: కెమెరాలు నాలుగు, యాక్సెస్ పాయింట్లు రెండు. వాటికి ఎనిమిది పోర్టుల పీవోఈ స్విచ్ తీసుకోండి, పోర్టుల లెక్క కంటే మొత్తం వాట్ల లెక్క చూడండి, 90కి తగ్గొద్దు. అన్నీ చేరే గూడు దగ్గర ఇన్వర్టర్ లైనుమీద రెండు ప్లగ్ పాయింట్లు పెట్టించండి. ఫైబర్ వచ్చే పైపు కూడా వీధి గోడనుంచి ఆ గూటికే రావాలి, షాపు షట్టర్ పక్కకి కాదు.