పాలపళ్ళు తెల్లగా, కొత్తగా వచ్చినవి పచ్చగా... మీ పిల్లలకూ ఇంతేనా?

నాగోలు అమ్మ:
మా బాబుకి ఏడేళ్ళు. ముందు పళ్ళు రెండూ ఊడి కొత్తవి వచ్చాయి. పక్కనున్న పాలపళ్ళతో చూస్తే పసుపు రాసినట్టున్నాయి. రెండు పూటలా తోముతాడు. మా అత్తయ్య నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దమంటున్నారు. పది రోజుల్లో మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్, ఫొటోల్లో ఎలా పడతాడో అని నా బెంగ. ఎవరైనా ఏమైనా వాడారా?

కూకట్‌పల్లి నాన్న:
నిమ్మకాయ మాత్రం ముట్టించకండి మేడమ్. పులుపుకి పంటి పైపొర మెత్తబడుతుంది, దాని మీద రుద్దితే అరుగుతుంది. అరిగిన ఎనామిల్ మళ్ళీ పుట్టదు. మా పాపకీ ఇదే భయంతో వెళ్తే డాక్టరమ్మ నవ్వేశారు. శాశ్వత పళ్ళలో లోపలుండే డెంటిన్ మందంగా, పచ్చగా ఉంటుందట. పైపొరలోంచి ఆ రంగే కనబడుతుంది. మిగతా పాలపళ్ళు ఊడేదాకా తేడా కొట్టొచ్చినట్టుంటుంది, ఆ తర్వాత ఎవరి కంటా పడదు. ఫీజు కట్టి తెలుసుకున్నాను, మీకు ఉచితం :)

ఉప్పల్ నానమ్మ:
తెల్లగ చేసుడు ముచ్చట తర్వాత, పుచ్చకుంట చూస్కోండ్రి. మా మనుమడు రాత్రి పాలసీస నోట్ల పెట్టుకునే పండుకుంటుండె. మూడేండ్లకే ముందటి నాలుగు పండ్లు పుచ్చినయ్. "పాలపండ్లే గదా, ఊడిపోతయ్" అని అన్నది నేనే. పోరడు నొప్పికి రాత్రంత ఏడ్చిండు. ఆఖరికి అఫ్జల్‌గంజ్ సర్కారు పండ్ల దవాఖానకు తీస్కపోయినం. పొద్దుగాల్నే పోయి లైన్ల నిలవడాలె, గని మంచిగ చూసిన్రు.

మర్రిగూడ అబ్బాయి:
మాది నల్లగొండ జిల్లా, ఇప్పుడు ఎల్బీనగర్. నా పళ్ళ మీద గోధుమరంగు చారలు చిన్నప్పటి బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్లే. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే పట్టేస్తుంది, తోమితే పోదు. బొగ్గు, ఉప్పు అన్నీ రుద్ది చిగుళ్ళు గీరుకుపోవడమే మిగిలింది. అలాగని పిల్లల పేస్టులో ఫ్లోరైడ్ వద్దనకండి, పుచ్చకుండా కాపాడేది అదే. కొలత ముఖ్యం: మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళదాకా బఠాణీ గింజంత. టీవీ యాడ్లలో బ్రష్ నిండా పిండుతారే, అది పేస్టు అమ్ముకోడానికి.

మియాపూర్ స్వాతి:
మా దానికి పళ్ళు నల్లబడితే హడలిపోయాం. చూస్తే ఐరన్ సిరప్ మరక. డాక్టర్ క్లీన్ చేస్తే పోయింది. ఇప్పుడు మందు వేయగానే నీళ్ళు పుక్కిలించమంటున్నాం.

కూకట్‌పల్లి నాన్న:
ఇంకో మాట. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, పైనా కిందా రెండు వైపులా ఒక్కో పెద్ద దవడ పన్ను వస్తుంది. అది శాశ్వత పన్ను. మనం పాలపన్నే అనుకుని వదిలేస్తాం, పిల్లల బ్రష్ అక్కడిదాకా పోదు. పైన లోతైన గాడులు, అందులో బిస్కెట్ ముద్ద ఇరుక్కుంటుంది. ఏడెనిమిదేళ్ళదాకా రాత్రిపూట మనమే తోమాలి. వాణ్ణి ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుంటే అంతా కనబడుతుంది.

నాగోలు అమ్మ:
అందరికీ థాంక్స్. అత్తయ్యకి చదివి వినిపించా, "సరేలే, సోడా బజ్జీల్లోకి పనికొస్తుంది" అన్నారు. ఇప్పుడే వాణ్ణి ఒళ్ళో వేసుకుని సెల్‌ఫోన్ లైట్ పెట్టి చూశాను. ఆ దవడ పళ్ళు నాలుగూ వచ్చేశాయి, నాకు తెలియనే తెలియదు. కింద కుడివైపు దాని గాడిలో నల్లగా చుక్క ఉంది. సోమవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నా.